చివరి రెండు పాశురాలు

పాదరసం దిగుతుంటే చూడటం నాకు మొదటినుంచీ ఇష్టం. ఇప్పటి నర్సు పిల్లలకు ఆ భాగ్యం లేదు. వాళ్ల చేతిలోని బీపీ డబ్బా కుయ్యిమని అరిచి అంకె చూపించేస్తుంది. మా రోజుల్లో బీపీ మిషను చిన్న ఇనుప డబ్బాలో ఉండేది, మూత తెరిస్తే ఆ మూతకే గాజుగొట్టం, అందులో పాదరసం. రబ్బరు బుడ్డ నొక్కి దాన్ని పైకెక్కించి, మర కొంచెం వదులు చేసి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటే లోకంలోని చప్పుళ్లన్నీ దూరంగా వెళ్లిపోయేవి. వరండాలో పిల్లల ఏడుపులు, చీటీల కోసం తోపులాట, బయట బస్సు హారన్లు, ఏవీ ఉండేవి కావు. పాదరసం తనకేం తొందర లేదన్నట్టు దిగుతూ ఉంటే, ఎక్కడో నాలుగిళ్ల అవతల ఎవరో తలుపు తట్టినట్టు మొదటి చప్పుడు వినిపించేది. అదే పై అంకె. చప్పుడు ఆగిపోయిన చోట కింది అంకె. రెండూ చీటీ మీద రాస్తే నా పని అయిపోయేది.

నర్సింగు చదివే పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అని అడుగుతారు. నేనేదో ప్రాణం కాపాడిన కథ చెబుతానని వాళ్ల ఆశ. గొప్పలు చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గనక ఆ పని వాళ్లకు వదిలేశాను. నేను చెప్పేది ఒక తప్పుడు అంకె సంగతి. ఆ అంకె రాసింది నేనే.

మాది ఐరాల పక్క పల్లె. నాయన చెరుకు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. ఆదివారం ఊరి చివర చర్చిలో చాపల మీద కూర్చుని ప్రార్థన చేసుకునే కుటుంబం మాది. నర్సింగు ముగించి తిరుపతిలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరేసరికి డెబ్బైలు అయిపోవస్తున్నాయి. ఆసుపత్రి అంటే ఒక డాక్టరు, ఇద్దరు నర్సులం, ఒక ఆయమ్మ, పది మంచాలు. డాక్టరుగారు మంచివాడు, కోపిష్టి. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం రెండు దాకా తల ఎత్తకుండా చీటీలు రాసేవాడు. బీపీలన్నీ నేనే చూసి పంపాలి. చీటీ మీద నేను రాసిన అంకెను బట్టి ఆయన మాత్ర రాస్తాడు. నన్ను ఎంత నమ్మేవాడంటే, నేను రాసిన అంకెను ఒక్కసారి కూడా తాను మళ్లీ చూసుకోలేదు.

చేరిన మొదటిరోజే ఆయమ్మ నాకు ఒక పాఠం చెప్పింది. పుస్తకాల్లో లేని పాఠాలన్నీ నాకు చెప్పింది ఆవిడే.

"సూడు పాపా, పెద్దోళ్లు వస్తే ముందు కూసోబెట్టు. గస తీరనీ. ఆ మింద మిషను కట్టు. ముసలోళ్లను నిలబెట్టి మాట్లాడినావంటే ఊరంతా నీ పేరే సెప్పుకుంటారు."

అది మా వైపు మర్యాద. ఇంటికి పెద్దవాళ్లు వస్తే మంచం వాలుస్తాం, పీట వేస్తాం, నీళ్లిస్తాం. నిలబెట్టి పంపితే అవమానం. ఆసుపత్రిలోనూ అంతే. నా కుర్చీలో నేను కూర్చున్నది తక్కువ, ముసలివాళ్లు కూర్చున్నది ఎక్కువ. ఆ కుర్చీలోనే పది నిమిషాలు సేదతీరాక, వాళ్లు నవ్వుతూ చెయ్యి చాపితే నేను పట్టీ చుట్టేదాన్ని.

ఆ కుర్చీలో నెలకోసారి ఒక అయ్యవారు కూర్చునేవారు. డెబ్బై దాటిన మనిషి. బక్కగా, తెల్లగా, ఉతికి ఆరేసిన పంచెలా ఉండేవారు. ఊళ్లో ఒక చిన్న పెరుమాళ్ల గుడిలో పాశురాలు చదివే గోష్ఠికి ఆయనే ముందు. గోష్ఠి అంటే పది పన్నెండుమంది వరుసగా కూర్చుని స్వామి ముందు తమిళ పాశురాలు కలిసి చదవడం. ప్రతి పాశురం మొదటి పాదం ఒకరు ఎత్తుకోవాలి, తక్కినవాళ్లు అందుకోవాలి. ఎత్తుకునేది నలభై ఏళ్లుగా ఈయనే. పుస్తకం చూడరు. వేల పాశురాలు నోటికి వచ్చు. గోష్ఠిలో సగంమందికి నేర్పిందీ ఆయనే.

నేను వేరే మతమని ఆయనకు తెలుసు. దాని గురించి ఒక్కసారే మాట్లాడారు.

"మీ గుళ్లో కూడా పాడతారంట గదా సిస్టరమ్మా?"

"పాడతామండీ. పుస్తకం చూసి."

"చూసి పాడితే కండ్లు పాడతాయి. నోటికి నేర్చుకో" అని నవ్వారు. ఆ నవ్వుకు నేను ఆ ఏడాది ఐదారు కీర్తనలు కంఠస్థం చేశాను.

ఆయనకు బీపీ కొంచెం ఎక్కువ. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే నూట అరవై ఉండేది. డాక్టరుగారు మాత్ర మొదలుపెట్టారు. తర్వాతి నెల నూట యాభై ఐదు. ఇంకో మాత్ర. ఆ తర్వాత మూడోది. ఆ కాలపు మాత్రలు ఇప్పటి వాటిలా మెత్తనివి కావు. అయ్యవారు బుద్ధిగా వేసుకునేవారు, పూట తప్పేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఆయన భార్య ఒంటరిగా ఆసుపత్రికి వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉండే ఆవిడ. మాట దాచుకునే రకం కాదు. ఆరోజు మాత్రం వరండా స్తంభం చాటుకు పిలిచి గొంతు తగ్గించింది.

"ఆయనకు మతి పోతా ఉండాదమ్మా. బయట చెప్పుకోలేము. మొన్న గోష్ఠిలో పాశురం మరిచిపోయినారు. అది గూడా చివరి రెండు. చంటిబిడ్డ గూడా చెప్పే పాశురాలు. ఆయన లేచి నిలబడి, నోరు తెరిచి, అట్లే చూస్తా ఉండిపోయినారంట. పక్కాయన ఎత్తుకొని ముగించినాడు."

"ఒక్కసారేనా అమ్మా?"

"మూడుసార్లు. పెద్దలంతా మాట్లాడుకుంటా ఉండారు, వచ్చే ఉత్సవంలో ఇంకొకరి చేత ఎత్తించాలని. మా పెద్దబ్బాయి అయితే ఇంటి తాళంచెవి ఆయన మొలలోంచి తీసేసినాడు. యాడన్నా పారేసుకుంటాడని. ఆయన రాత్రి మొల తడుముకుంటా ఉన్నారు."

ఆవిడ కంటనీరు పెట్టుకోలేదు. కొంగు చివర ముడివేసి విప్పి, ముడివేసి విప్పి నిలబడింది. మతిమరుపుకు మా దగ్గర మందు లేదు. వయసు అమ్మా, అన్నాను. అప్పట్లో అందరం అదే అనేవాళ్లం. అరవై దాటినవాళ్లకు ఏం వచ్చినా ఆ ఒక్క మాట సరిపోయేది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఒక సోమవారం అయ్యవారు బీపీకి వచ్చారు. వరండా కిటకిటలాడుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని ఉండగానే, నిండు నెలల కూలీ మనిషి ఒకామె గోడ పట్టుకుని వచ్చింది. కూర్చోవడానికి జాగా లేదు. అయ్యవారు చప్పున లేచారు.

"ఇట్ల రామ్మా, ఈడ కూర్చో. నాకేం, నేను బానే ఉండాను" అన్నారు. ఆమె మొహమాటపడింది. ఆయన కుర్చీని ఆమె వైపు జరిపారు కూడా. ఆ వయసులో ఆ కులస్థుడు ఆ మనిషికి కుర్చీ జరపడం వరండా అంతా చూసింది. నేను మురిసిపోయాను.

"నిలబడే చూడు సిస్టరమ్మా. పనైపోతుంది" అని చెయ్యి చాపారు.

పట్టీ చుట్టి, పాదరసం రెండువందల దాకా ఎక్కించి వదిలాను. దిగడం మొదలైంది. లోకం దూరంగా వెళ్లింది. నూట అరవై దగ్గర చప్పుడు కోసం ఎదురుచూశాను. లేదు. నూట యాభై. లేదు. నూట ముప్పై, నూట ఇరవై. పాదరసం అట్లా దిగుతూనే ఉంది. తలుపు తట్టేవాళ్లు ఎవరూ లేరు. తొంభై దగ్గరికి వచ్చాక, చాలా మెల్లగా, ఇష్టం లేనట్టు ఒక చప్పుడు.

తలెత్తి చూశాను. అయ్యవారు నన్ను కాదు, నా వెనక గోడనూ కాదు, ఇంకా దూరంగా ఎక్కడో చూస్తున్నారు. పెదవుల మీద చిన్న నవ్వు. అంత అందమైన చూపు నేను అంతకుముందు చూడలేదు. భక్తుడు గదా, స్వామిని తలుచుకుంటున్నారేమో అనుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ల వయసు. మనుషుల ముఖాల్లో ఏది భక్తో, ఏది మెదడుకు రక్తం చాలకపోవడమో తెలియలేదు.

ఆ వారమే మా మిషను రబ్బరు గొట్టానికి చిల్లు పడితే ప్లాస్టరు చుట్టి వాడుతున్నాం. గాలి పోతోంది, అందుకే చప్పుడు సరిగా లేదు అనుకున్నాను. మళ్లీ చూడాల్సింది. వెనక ముప్పైమంది ఉన్నారు. చీటీ తిప్పి పోయిన నెల అంకె చూశాను. నూట యాభై ఐదు. దాన్నే మళ్లీ రాశాను. మిషను తప్పు చెబుతోంది గనక నేను ఒప్పు రాస్తున్నానని నమ్మాను. డాక్టరుగారు ఆ అంకె చూసి, ఇంకా తగ్గలేదే అని, మాత్ర ఇంకొంచెం పెంచారు.

నెలన్నర గడిచింది. నెలకు రావాల్సిన అయ్యవారు రాలేదని కూడా నేను గమనించలేదు. ఆ నెలన్నరలో నాకు ఏమీ గుర్తు రాలేదు. కలలో నడిచినట్టు పని చేశాను, అన్నం తిన్నాను, ఆదివారాలు పాటలు పాడుకున్నాను.

తర్వాత ఒక పొద్దున అయ్యవారు, భార్య ఇద్దరూ వచ్చారు. ఆయన ఎడమ చెయ్యి మోచేతి దాకా పుత్తూరు కట్టు. గుడ్డ, వెదురు బద్దలు, పచ్చటి ఆకుపసరు వాసన. తెల్లవారుజామున పక్కమీద నుంచి లేచి రెండడుగులు వేసి పడిపోయారట. మణికట్టు విరిగింది. మా దగ్గరికి రాకుండా నేరుగా పుత్తూరు తీసుకెళ్లారు. మా వైపు ఎముక విరిగితే డాక్టర్లు కూడా పుత్తూరే పోతారు, దానికి నేను ఏమీ అనుకోలేదు.

"ఆడ కట్టు కట్టే ఆయన ఒక మాటన్నాడమ్మా," అంది ఆవిడ. "ఎట్ల పడినారు సామీ అని అడిగినాడు. లేస్తానే పడినారు అని చెప్పినా. అంతకుముందు గూడా పడినారా అన్నాడు. పడలేదు గానీ లేస్తానే గోడ పట్టుకుంటారు అన్నా. దానికి ఆయన, 'ఎముకను నేను కడతానమ్మా. పడేదాన్ని నేను కట్టలేను. ఎందుకు పడతా ఉండాడో మీ డాక్టర్ని అడగండి' అన్నాడు."

"లేస్తానే" అన్న మాట నా చెవిలో ఆగిపోయింది.

"అమ్మా, గోష్ఠిలో మరిచిపోయింది ఎప్పుడూ చివరి రెండేనా? నడుమ ఎప్పుడన్నా?" అని అడిగాను.

"నడుమ ఒక్కక్షరం గూడా పోదు. రెండు గంటలు కూర్చొని చదువుతారు. మా గుళ్లో ఆచారం, చివరి రెండు పాశురాలకు అందరూ లేచి నిలబడాల. అప్పుడే పోతా ఉండాది."

అయ్యవారు మెల్లగా అన్నారు, "పోదమ్మా. పాశురం యాడికీ పోదు. పాలు పొంగినట్టు ఏదో తెల్లగా కమ్ముకుంటుంది. దాని వెనకాల ఉంటుంది పాశురం. నాకు తెలుస్తానే ఉంటుంది. అందదు."

ఆయన అట్లా అంటుంటే నాకు ఎక్కడిదో ఒక సున్నం కొట్టిన స్తంభం కనిపించింది. మా ఊరి చర్చిలోది. చాప మీద కూర్చున్న వాళ్లం ఆఖరి ప్రార్థనకు లేచి నిలబడేవాళ్లం. మా అవ్వ ఎప్పుడూ ఆ స్తంభం పక్కనే కూర్చునేది. లేవగానే దాన్ని వాటేసుకుని కళ్లు మూసుకునేది. అక్కడ సున్నం మీద ఆమె చెయ్యి పడిన మేర నున్నగా అయిపోయింది. అవ్వకు ఎంత భక్తో అనుకునేవాళ్లం. ఆ అవ్వే చివరి ఏళ్లలో నన్ను చూసి, "నువ్వు ఎవరి బిడ్డవు?" అని అడిగేది.

ఆ తర్వాత వరండా, మిషను, తొంభై దగ్గర వినిపించిన ఆ నీరసపు చప్పుడు, నేను చీటీ తిప్పడం, నూట యాభై ఐదు రాయడం, అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆయమ్మ నా ముఖం చూసి మంచినీళ్లు తెచ్చింది. ఆవిడకు చెప్పాను.

"డాక్టరుకు సెప్తే ఉద్యోగం పోతుందేమో పాపా," అందావిడ. గ్లాసు అందుకుని, "సెప్పకపోతే నిద్ర పోతుంది. యాది గావాల్నో సూసుకో" అంది.

లోపలికి వెళ్లి చెప్పాను. డాక్టరుగారు కలం కింద పెట్టారు. ఎనిమిది నెలల్లో ఆయన కలం కింద పెట్టడం నేను చూసింది అదే. తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు. లేచి బయటికి వచ్చి, అయ్యవార్ని మంచం మీద పడుకోబెట్టించారు. కుడిచేతికి పట్టీ నా చేతే కట్టించారు. పడుకుంటే నూట యాభై. "ఇప్పుడు నిలబెట్టు" అన్నారు. నిలబెట్టాం, అటు ఆయమ్మ, ఇటు ఆవిడ పట్టుకున్నారు. తొంభై కంటే తక్కువ. అయ్యవారి చూపు మళ్లీ అదే దూరానికి వెళ్లిపోయింది. ఆ అందమైన నవ్వు మళ్లీ వచ్చింది. ఈసారి నాకు భయం వేసింది.

డాక్టరుగారు తన గదిలోకి వెళ్లి లావుపాటి పుస్తకం తీసి తిరగేశారు. "పుస్తకంలో ఉంది. ఈ మాత్రలు ఇచ్చేటప్పుడు నిలబెట్టి చూడాలని ఉంది. నేనూ చదివినాను. మనం మర్యాదస్తులం గదా, ముసలోళ్లను నిలబెట్టలేదు" అన్నారు. తప్పులో సగం ఆయన తీసుకున్నారు. నాకు మాత్రం నా సగం ఏమీ తగ్గలేదు.

మాత్రలు ఒక్కొక్కటే తగ్గించి, చివరికి చిన్నది ఒక్కటి ఉంచారు. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టమన్నారు. నిద్ర లేచాక పక్కమీదే కూర్చుని, కాళ్లు ఆడించి, తర్వాతే నిలబడమన్నారు. నీళ్లు బాగా తాగమన్నారు. నీళ్ల దగ్గర చిక్కు వచ్చింది. గోష్ఠి అయ్యేదాకా అయ్యవారు పచ్చి గంగ ముట్టరు, అది ఆయన నియమం. డాక్టరుగారికి కోపం వచ్చింది. ఆయన భార్యే దారి కనిపెట్టింది.

"తీర్థం తీసుకుంటే నియమం చెడదు గదా?" అంది.

"చెడదు. అయితే ఉద్ధరిణెడు తీర్థంతో ఏమవుతుంది?" అన్నారు అయ్యవారు.

"ఉద్ధరిణెడని ఎవరు చెప్పినారు? నేను ఇంట్లో పెరుమాళ్లకు చెంబెడు తీర్థం చేస్తాను. చెంబెడూ పుచ్చుకోండి."

డాక్టరుగారు ఆరోజు మొదటిసారి నవ్వారు.

అయ్యవారు చీటీ తీసుకుని నన్ను చూశారు. నేను చెప్పాను, వినిపించిందో లేదో అన్నంత మెల్లగా. "అయ్యవారూ, ఆరోజు నిలబడి చూసినప్పుడు తక్కువే వచ్చింది. నేను నమ్మలేదు. పాత అంకె రాసినాను. అందుకే మీకు మాత్ర పెరిగింది."

ఆయన కట్టు ఉన్న చేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఆయన భార్య ముఖం ఎర్రబడింది, పెదవి కొరుక్కుంది. చివరికి అయ్యవారు, "అయితే నాకు మతి పోలేదంటావు?" అన్నారు. ఆ ఒక్క మాటలో ఉన్న ఆశను నేను మరిచిపోలేను. పోలేదని చెప్పాలనిపించింది. డాక్టరుగారే తలుపు దగ్గర నుంచి అన్నారు, "మతి సంగతి నేను చెప్పలేనయ్యా. లేచినప్పటి మరుపు మాత్రం రక్తానిది. దాన్ని చూసుకుందాం."

ఉత్సవం పదిహేను రోజుల్లోకి వచ్చింది. ఈసారి కూడా చివరి రెండింటికి ఆగిపోతే, ఎత్తుకునే పని ఇంకొకరికి ఇచ్చేద్దామని గోష్ఠి పెద్దలు నిర్ణయించుకున్నారు. నేను ఆయనకు ఒక ఉపాయం చెప్పాను. లేవగానే మొదలుపెట్టొద్దు, స్తంభం పట్టుకుని మనసులో యాభై లెక్కపెట్టండి, తెలుపు కమ్మితే కమ్మనివ్వండి, అది పోయాకే ఎత్తుకోండి అన్నాను. తెలివైన సలహానే. అయితే ఆ యాభై లెక్కపెట్టేంతసేపు గోష్ఠి మౌనంగా ఉంటుందని, మళ్లీ మరిచిపోయాడని పక్కాయన అందుకుంటాడని నాకు తట్టలేదు. ఆ సంగతి వాళ్లకు ముందుగా చెప్పి ఉంచాలని కూడా తట్టలేదు.

ఆ ఉదయం నేను సెలవు పెట్టి గుడి వీధికి వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. ఎదురుగా పూల అంగడి అరుగు మీద కూర్చున్నాను. మైకులో గోష్ఠి వినిపిస్తోంది. తెల్లవారి ఎంతోసేపు కాలేదు. మంచు ఇంకా కొండ మీదే ఉంది. పూలమ్మి తులసి మాలలు కడుతూ తల ఊపుతోంది. ఒక్క గొంతు పాదం ఎత్తుకోవడం, పదిమంది అందుకోవడం, మళ్లీ ఒక్క గొంతు, మళ్లీ పదిమంది. నాకు ఒక్క మాటా అర్థం కాదు. వింటూ ఉంటే నేను ఎక్కడ ఉన్నానో, ఎంతసేపు అయిందో తెలియలేదు. మా గానుగ దగ్గర బెల్లం పాకం ఉడికే వాసన కూడా ఎక్కడి నుంచో వచ్చింది.

ఉన్నట్టుండి మైకులో బట్టల గరగర వినిపించింది. లేస్తున్నారు. తర్వాత నిశ్శబ్దం.

ఒకటి, రెండు, మూడు. నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది. ఎవరో దగ్గారు. పదిహేను. పూలమ్మి చేతులు ఆగిపోయాయి. "ఏమైందిమా? మళ్లీ మరిచిపోయినాడా అయ్యోరు?" అంది. నా గుండె నాకే వినిపిస్తోంది, స్టెతస్కోపు అక్కర్లేకుండా. అప్పుడు తట్టింది నేను చేసిన రెండో తప్పు. ఇరవై ఐదు. వేరే గొంతు ఏదో పాదం ఎత్తుకోబోయి, అక్షరం పలికి, ఆగిపోయింది. మళ్లీ నిశ్శబ్దం. ముప్పై. నలభై. పాదరసం దిగుతూనే ఉంది, తలుపు తట్టేవాళ్లు లేరు. యేసయ్యా, పెరుమాళ్లూ, ఎవరైనా సరే అనుకున్నాను. నా నోటితో ఆ రెండు పేర్లు ఒకచోట పలకడం అదే మొదలు.

యాభై దాటింది. యాభై నాలుగు దగ్గర ఆ గొంతు లేచింది. సన్నగా మొదలై, నిలబడి, పాదం చివరిదాకా తొణక్కుండా వెళ్లింది. పదిమందీ అందుకున్నారు.

పూలమ్మి నన్ను చూసి, "ఎందుకు ఏడుస్తా ఉండావు?" అని అడిగింది. మల్లెపూల ఘాటు అన్నాను. అక్కడ ఉన్నవి తులసి మాలలు.

లోపల జరిగింది ఆయన భార్య తర్వాత చెప్పింది. పక్కాయన ఎత్తుకోబోతుంటే, అయ్యవారు కుడిచేత్తో స్తంభాన్ని వదలకుండా, పుత్తూరు కట్టు ఉన్న ఎడమ చెయ్యి పైకెత్తి, ఆగమని చూపించారట. అంత లావు కట్టు ముఖం ముందుకు వచ్చేసరికి ఎవరైనా ఆగాల్సిందే. సాయంత్రం పెద్దబ్బాయి తాళంచెవి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడని కూడా చెప్పింది.

ఆ తర్వాత నాలుగైదేళ్లు అయ్యవారే ఎత్తుకున్నారు. నాకు చిత్తూరులో గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఎనభైల నడుమ ఒకసారి తిరుపతి పనిమీద వెళ్లి వాళ్లింటికి వెళ్లాను. కథ ఇక్కడే ముగిస్తే బాగుండేది. కానీ మతిమరుపు వచ్చింది. ఈసారి నిజంగానే వచ్చింది, కూర్చున్నా, నిలబడ్డా, పడుకున్నా. పాశురాలు కూడా ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. గోష్ఠికి ఆయనంతట ఆయనే రానని చెప్పేశారట, ఇంకా చెప్పగలిగే రోజుల్లో.

నేను వెళ్లేసరికి మంచం మీద పడుకుని ఉన్నారు. కోళ్ల కింద ఇటుకలు అట్లాగే ఉన్నాయి. నన్ను చూసి లేచారు. చప్పున కాదు. ముందు కూర్చున్నారు. కాళ్లు ఆడించారు. చెంబెత్తి నీళ్లు తాగారు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు. నేను ఎవరో ఆయనకు తెలియలేదు.

"ఎవరమ్మా నువ్వు? కూర్చో. నేను లేచేదానికి కొంచెం సేపవుతుంది. సిస్టరమ్మ చెప్పింది, నిదానంగా లేవాలని."

"ఏ సిస్టరమ్మ అయ్యవారూ?"

"ఉండాది ఒక పాప. నాకు తప్పు రాసింది. మళ్లీ తానే వచ్చి చెప్పింది." ఆయన కొంచెం ఆలోచించి, "చెప్పేవాళ్లు తక్కువమ్మా. నీకు తెలుసునా ఆ పాప?" అని అడిగారు.

తెలుసునన్నాను.

ఇప్పటి డాక్టర్లు ఒక మాట చెబుతున్నారు. లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్లలో తర్వాతి కాలంలో మతిమరుపు జబ్బు కొంచెం ఎక్కువగా కనిపిస్తోందట. అందరికీ వస్తుందని కాదు. ఇదే దానికి కారణమనీ ఇంకా తేలలేదు. ఆ మాట మొదటిసారి విన్న రోజు నేను అన్నం తినలేదు. ఆ నెలన్నర, నా నూట యాభై ఐదు, అయ్యవారి మెదడులో ఏం చేసిందో? ఏమీ చేసి ఉండకపోవచ్చు. చేసి ఉండవచ్చు కూడా. దీనికి జవాబు చెప్పే పుస్తకం నాకు దొరకలేదు. నాకు డెబ్బై దాటాయి, ఇంకా వెతుకుతున్నాను.

పోయిన నెల చిత్తూరులో మా పేట ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. చిన్నపిల్ల నర్సు. నన్ను చూడగానే లేచి, "రండి మేడమ్, కూర్చోండి. గస తీరనీండి" అని తన కుర్చీ ఇచ్చింది. ఆయమ్మ పాఠం నేటికీ నడుస్తోందన్నమాట. మిషను కుయ్యిమంది. నూట నలభై. "బాగుండాది మేడమ్" అని రాసుకోబోయింది.

నేను వెళ్లిన పని అది కాదు. కొన్నాళ్లుగా చర్చిలో ఆఖరి ప్రార్థనకు లేవగానే తెల్లగా కమ్ముకుంటోంది. చెయ్యి చాపితే స్తంభం దొరుకుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి, ఎందుకు వంటింట్లో ఉన్నానో తెలియక నిలబడిపోతున్నాను. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అందరి అంకెలూ రాసిన దాన్ని, నా అంకె అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

"ఒక్క నిమిషం అమ్మాయ్," అని లేచి నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకున్నాను. "ఇప్పుడు చూడు."

"నిలబడా? ఎందుకు మేడమ్? కూర్చోండి, పెద్దోళ్లు."

"చూడు."

పట్టీ బిగిసింది, వదులైంది. ఆ పిల్ల అంకె చూసింది, నొసలు చిట్లించింది, మిషనును అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఇది సరిగ్గా లేదు మేడమ్. తప్పు చూపిస్తా ఉండాది. ముందుదే రాసుకుంటా."

నా చుట్టూ తెలుపు కమ్ముకుంటోంది. దాని వెనకాల ఎవరో కట్టు ఉన్న చెయ్యి పైకెత్తినట్టు అనిపించింది. యాభై లెక్కపెట్టుకున్నాను. తెలుపు మెల్లగా విడిపోయింది. ఆ పిల్ల కలం ఇంకా చీటీ మీదే ఆగి ఉంది.

"మిషనుది తప్పు కాదు తల్లీ," అన్నాను. "రాసుకో."